యాస కావాలి... మనిషి వద్దా?

1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావు రాజకీయ నాయకుడి వేషం కట్టి తెలంగాణ యాస మాట్లాడారు. ఆ యాస ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. ఆయనది కృష్ణా జిల్లా కంకిపాడు. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ పిల్ల భానుమతిగా సాయిపల్లవి అదే తెలంగాణ యాసను సొంత గొంతుతో పలికింది. ఆమెది తమిళనాట నీలగిరి ప్రాంతం. ఆ యాసకు ఇద్దరూ బయటివాళ్లే, ఇద్దరూ నేర్చుకుని పలికినవాళ్లే. అయినా మొదటి పాత్ర వెంట బారులు తీరిన రౌడీలు, దొంగ నాయకులు, పనివాళ్ల పాత్రలు తెలంగాణ జనాన్ని ఏళ్ల తరబడి నొప్పించాయి. మా మాటను విలన్లకూ జోకర్లకూ కట్టబెట్టారన్న ఆగ్రహం ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ సభల దాకా వచ్చింది. భానుమతిని మాత్రం అదే జనం ‘మా పిల్లే’ అని నెత్తిన పెట్టుకున్నారు. కోట గొప్ప నటుడు, ఆ వేషం కట్టడంలో ఆయన తప్పేమీ లేదు. తేడా పాత్రల్లో ఉంది. మొదటి రకం పాత్రలకు ఆ యాసలో బెదిరించడం, నవ్వించడం తప్ప మరో పని లేదు. భానుమతి ఆ యాసలోనే అలిగింది, ప్రేమించింది, తండ్రి కోసం తల్లడిల్లింది, పెళ్లి గురించి తన నిర్ణయం తాను తీసుకుంది. పరాయివాళ్ల యాసను వాడుకోవడం ఎప్పుడు గౌరవం, ఎప్పుడు అవమానం అనే ప్రశ్నకు మన కళ్ల ముందే ఉన్న ఆధారం ఇది. పుట్టుక దీన్ని తేల్చదు. ఆ యాసను ఎంత పనికి వాడుకున్నామన్నది తేలుస్తుంది.

ఈ కొలత ఇప్పుడు ఎందుకంటే, మన యాస మీద పడిన దెబ్బ మానింది గానీ అదే దెబ్బ మనం వేరేవాళ్ల మీద వేస్తూనే ఉన్నాం. ‘పెళ్లిచూపులు’, ‘మల్లేశం’, ‘బలగం’, ‘దసరా’ వచ్చాక తెలంగాణ తెలుగు తెర మీద దర్జాగా కూర్చుంది. మూసీకి దక్షిణాన, చార్మినార్ చుట్టూ, షాలిబండ, హుస్సేనీ ఆలం, మొఘల్‌పురా, చంద్రాయణగుట్ట గల్లీల్లో మాట్లాడే దక్కనీకి మాత్రం పాత గతే పట్టి ఉంది. తెలుగు సినిమాలో, ఎఫ్ఎం రేడియోలో, ఫోన్లలో తిరిగే చిన్న వీడియోల్లో పాతబస్తీ మాట వినిపించిందంటే ఇక నవ్వడానికో భయపడడానికో సిద్ధం కావాలి. 1993లో ‘మనీ’లో బ్రహ్మానందం వేసిన ఖాన్ దాదాను ఎవరూ మరచిపోలేదు. రౌడీ, పిరికివాడు, గప్పాలు కొట్టేవాడు, మాటలో ఉర్దూ కలిసినవాడు. పాత్రగా అది పండింది, కాదనను. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలాభాగం ఆ అచ్చులోనే పోశారు. 2003లో ‘ఒక్కడు’ కోసం చార్మినార్‌ను భారీ సెట్‌గా వేశారు. కథానాయకుడి ఇల్లు ఆ మినార్ల పక్కనే. అతని నోట వచ్చేది మాత్రం సినిమాల్లో అందరు హీరోలూ మాట్లాడే తెలుగే. ఊరి రాయీ సున్నమూ పనికొచ్చాయి, ఊరి మాట హీరో నోటికి పనికిరాలేదు. ఆ మాటకు సహాయ పాత్రలున్నాయి, సరుకు అమ్మేవాళ్లున్నారు, కత్తి పట్టేవాళ్లున్నారు.

దక్కనీ అంటే చెడిపోయిన ఉర్దూ, వచ్చీరాని హిందీ అని మనలో చాలామంది నిజంగానే నమ్ముతారు. ఎగతాళికి పునాది ఈ నమ్మకమే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. 1327 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దేవగిరికి మార్చినప్పుడు ఢిల్లీ వైపు జనం దక్కనుకు వచ్చారు. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడి ఢిల్లీతో తెగతెంపులయ్యాక వాళ్లు తెచ్చుకున్న మాట మరాఠీ, తెలుగు, కన్నడాల మధ్య తనంతట తాను పెరిగింది. పదిహేనో శతాబ్దం మొదటి భాగంలోనే అందులో ‘కదమ్‌రావ్ పదమ్‌రావ్’ అనే పెద్ద కథాకావ్యం వెలువడింది. ఉత్తరాదిన ఉర్దూ కవిత్వం ఊపందుకోవడానికి ఇంకా రెండున్నర శతాబ్దాలకు పైగా ఉంది. గోల్కొండలో ముల్లా వజ్హీ 1609లో ‘కుతుబ్ ముష్తరీ’ కావ్యం, 1635లో ‘సబ్‌రస్’ అనే వచన గ్రంథం రాశాడు. హైదరాబాద్ నగరాన్ని కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ భాషలోనే వసంతం మీద, మృగశిర కార్తె వానల మీద, పండుగల మీద కవిత్వం చెప్పాడు. అతని తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో తెలుగు కవులుండేవారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితం. తండ్రి కాలపు తెలుగూ, కొడుకు కాలపు దక్కనీ ఒకే కోటలో పెరిగాయి.

వ్యాకరణం చూసినా ఇది తప్పుల కుప్ప కాదని తెలుస్తుంది. ‘వో ఆతుఁ బోల్‌కే బోలా’ అంటే పుస్తకాల ఉర్దూ చదివినవాళ్లు నవ్వుతారు. తెలుగువాడికి నవ్వు రాకూడదు. అది అచ్చంగా ‘వస్తానని చెప్పాడు’ అనే మన వాక్యమే, మన ‘అని’ ఉన్నచోట వాళ్ల ‘బోల్‌కే’ కూర్చుంది. ‘మైఁ బోలా సో బాత్’ అనేది ‘నేను చెప్పిన మాట’ అన్న మన కూర్పు. లోగాఁ, బాతాఁ, ఔరతాఁ అని బహువచనం చేసే పద్ధతి ఒక నియమం ప్రకారం నడుస్తుంది. మీమ్‌లలో అరిగిపోయిన, ‘వద్దు’ అని చెప్పే ‘నక్కో’ మరాఠీ నుంచి వచ్చింది, ‘అబ్బిచ్’, ‘వహీచ్’ అని నొక్కి చెప్పే ‘ఇచ్’ కూడా అటునుంచే. ‘మైఁనే కహా’లోని ‘నే’ దక్కనీలో లేదు, ఎందుకంటే తెలుగులోనూ కన్నడలోనూ అలాంటిదేదీ లేదు. ఆరేడు వందల ఏళ్లు మన పక్కనే బతికి, మన వాక్యం వంపును తన ఒంట్లోకి తీసుకున్న భాష ఇది. పుచ్చుకోవడం ఒకవైపే జరగలేదు. జర, షురూ, జల్దీ, పరేషాన్, దవాఖాన లేకుండా తెలంగాణలో ఒక పూట గడవదు. తెలుగువాళ్లు దక్కనీని వచ్చీరాని మాట అని వెక్కిరిస్తే, అందులో సగం వెక్కిరింత తెలుగు నుడికారానికే తగులుతుంది.

ఈ భాషను వెక్కిరించడం మొదలుపెట్టింది మనం కాదు. ఔరంగజేబు 1687లో గోల్కొండను గెలిచాక దక్కనీకి కొలువు పోయింది. దక్కను కవి వలీ దక్కనీ కవితల సంపుటి 1720 ప్రాంతంలో ఢిల్లీ చేరి అక్కడి కవులకు కొత్త దారి చూపించింది. ఆ దారిన నడిచినవాళ్లే దారి వేసినవాళ్లను చిన్నచూపు చూశారు. ఢిల్లీ కవి మీర్ తఖీ మీర్ 1752లో రాసిన కవుల చరిత్రలో, ఈ కవిత్వం దక్కనులోనే పుట్టిందని ఒప్పుకుంటూనే, అక్కడ పొందికగా రాసిన కవి ఒక్కడూ లేడని తేల్చేశాడు. ఉర్దూ విమర్శకుడు శంసుర్‌రహ్మాన్ ఫారూఖీ 2001లో తెచ్చిన పుస్తకంలో ఈ చిన్నచూపు ఎలా పాతుకుపోయిందో వివరంగా చూపించారు. తెలుగు పాఠకులకు ఇది ఎక్కడో విన్నట్టు అనిపించాలి. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు అంటే సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి 354 మంది కవులతో జవాబు చెప్పారు. సరిగ్గా ఆ కాలంలోనే, ఇదే హైదరాబాద్‌లో, మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ అనే ఆచార్యుడు 1931లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూను స్థాపించి పాత దక్కనీ రాతప్రతుల్ని వెతికి పోగేశారు. 1940లో కులీ కుతుబ్‌షా సమగ్ర కవిత్వాన్ని అచ్చు వేయించారు. ఒకరు తెలుగు కోసం, మరొకరు దక్కనీ కోసం, ఇంచుమించు ఒకే ఆరోపణకు ఒకే తరహాలో సమాధానం ఇచ్చారు. సురవరం కృషిని మనం బడిలో చదువుకున్నాం, విగ్రహాలు పెట్టుకున్నాం, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. జోర్ పేరు తెలుగు పాఠ్యపుస్తకంలో ఒక్క మూల ఉన్నా, పాతబస్తీ మాట వినగానే మన పిల్లలకు మొదట రౌడీ గుర్తుకు రాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. నిజాం కాలంలో ఉర్దూ పాలకుల భాష. తెలుగును అణచిన భాష. 1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంస్కర్త కార్వే అధ్యక్షతన జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. బళ్లలో తెలుగుకు చోటు అంతంతే, కచేరీల్లో తెలుగు లేదు. అలాంటప్పుడు ఉర్దూవాళ్ల యాసను కాస్త ఆటపట్టిస్తే అది అణచివేత ఎలా అవుతుందని అడుగుతారు. చరిత్రలోని ఆ గాయం నిజం. తెలుగు మాట్లాడినందుకు నవ్వులపాలైన ఆ సభ తెలంగాణ జాగృతికి తొలి మెట్టని ఎవరూ తుడిచేయలేరు. అయితే ఆ లెక్క దక్కనీ ఖాతాలో వేయడం అన్యాయం. ఆసఫ్‌జాహీ నిజాంల కచేరీ భాష 1880ల దాకా ఫార్సీ, తర్వాత పుస్తకాల ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిందీ ఆ తీర్చిదిద్దిన ఉర్దూలోనే. ఫర్మానాలు రాసినవాళ్లది ఒక భాష, గుర్రబ్బండి తోలినవాళ్లది, గాజులు కరిగించినవాళ్లది, నీళ్లు మోసినవాళ్లది మరో భాష. ఈ రెండోదాన్ని హవేలీల్లోనూ చిన్నచూపే చూశారు. 1948 తర్వాత అధికారం చేతులు మారింది, ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయింది, ఉర్దూ చదువుకు ఉద్యోగం దొరకడం కష్టమైంది. హవేలీలవాళ్లలో కొందరు కరాచీ వెళ్లారు, కొందరు లండన్ వెళ్లారు. గుర్రబ్బండి తోలిన మనిషి ఇక్కడే ఉండిపోయాడు. పాలకుడి మీద ఉన్న కోపం చివరికి అతని మనవడి మాట మీద తీర్చుకుంటున్నాం. ఎవరిని వెక్కిరిస్తే ఎవరికి తగులుతుందో చూసుకోకుండా చరిత్రను సాక్ష్యానికి పిలవకూడదు.

రెండో అభ్యంతరం దీనికంటే బలమైంది. దక్కనీ ముస్లింల సొత్తు కాదు, దాన్ని వాడుకోవడానికి ఎవరి అనుమతి కావాలి అంటారు. నిజమే. గౌలిపురాలో, సుల్తాన్‌షాహీలో, లాల్‌దర్వాజలో బోనాలెత్తే తెలుగు కుటుంబాలు గడప దాటగానే దక్కనీలోకి మారతాయి. ఈ నగరంలో తరతరాలుగా ఉన్న కాయస్థులకు, మరాఠీలకు, మార్వాడీలకు అది బజారు భాష, చాలామందికి ఇంటి భాష కూడా. ఈ భాషకు కంచె కట్టడమంటే దాని పుట్టుకనే కాదనడం. పరాయివాళ్లు ముట్టుకోకూడదనే వాదన ఇక్కడ నిలవదు, దాన్ని నేను సమర్థించను. కానీ మీర్ ఆలం మండీలో జరిగేదీ ఫోన్ తెర మీద జరిగేదీ ఒకటి కాదు. మండీలో తెలుగు రైతు దక్కనీలో బేరం చేస్తాడు, టోకు వ్యాపారి మధ్య మధ్య తెలుగులోకి దిగుతాడు. రైతు మాట తప్పితే అక్కడికక్కడే దిద్దుతారు, నవ్వితే ఇద్దరూ కలిసి నవ్వుతారు, అవమానం అనిపిస్తే సరుకు ఎత్తుకుని పక్క దుకాణానికి పోతారు. భాష వాడుకునేవాడి ఎదురుగా ఆ భాష మనిషి నిలబడి ఉన్నాడు. అతను జవాబు చెప్పగలడు, ధర తగ్గించకుండా బిగించగలడు కూడా. హైటెక్ సిటీ వైపు స్టూడియోలో కూర్చుని ‘కైకు మియా, నక్కో మియా’ అంటూ ముప్పై సెకన్ల వీడియో చేసినవాడికి ఎదురుగా ఎవరూ లేరు. జవాబు చెప్పే మనిషిని తీసేసి అతని గొంతును మాత్రం ఉంచుకున్నారు. ఒకరి భాషను పంచుకోవడం ఎక్కడ ఆగి, దోచుకోవడం ఎక్కడ మొదలవుతుందో నా వరకు ఇక్కడే తెలుస్తుంది. ‘నక్కో’, ‘హౌ’ అని టీషర్టుల మీద అచ్చేసి అమ్మేవాళ్లు, ఆ మాటలతో బిర్యానీ ప్రకటనలు రాసేవాళ్లు ఆ యాసను డబ్బుగా మార్చుకుంటారు. ఆ డబ్బులో రూపాయి కూడా మూసీ దాటి దక్షిణానికి రాదు.

అమెరికాలో ఇదే సంగతి మన తెలుగు బిడ్డ ఒకడు తన వైపు నుంచి చెప్పాడు. ‘సింప్సన్స్’ అనే కార్టూన్ ధారావాహికలో 1990 నుంచి అపు అనే కిరాణా కొట్టు భారతీయుడు ఉండేవాడు. అతనికి గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ వంకర ఇంగ్లిషు దేశమంతా నవ్వులు పూయించింది. తెలుగు తల్లిదండ్రులకు అక్కడే పుట్టిన హరి కొండబోలు అనే హాస్య కళాకారుడు 2017లో ఆ పాత్ర మీద ఒక డాక్యుమెంటరీ తీశాడు. అపు ఒక్కడు ఉండడం సమస్య కాదు, చాలాకాలం అపు తప్ప ఇంకెవరూ లేకపోవడం సమస్య అన్నది అతని బాధ. భారతీయ పిల్లలకు బడిలో ఎదురైన వెక్కిరింతకు టీవీలోంచే మాటలు దొరికాయి. 2020 జనవరిలో అజారియా ఇక ఆ పాత్రకు గొంతు ఇవ్వనని ప్రకటించాడు. కొండబోలు మాట విన్నప్పుడు మనం అతని పక్షాన నిలబడ్డాం, మన పిల్లాడు, మన ఉచ్చారణ కాబట్టి. న్యూజెర్సీలో మన యాసకు కోరుకునే మర్యాదను షాలిబండ యాసకు ఇవ్వడానికి వెనకాడితే మనం కోరుకున్నది మర్యాద కాదని, మన వంతు మాత్రమేనని అర్థం.

నవ్వితే ఏం పోతుంది, మాటలే కదా అనేవాళ్ల కోసం ఇంకో ఆధారం. 1999లో జాన్ బావ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అద్దె ఇళ్ల కోసం ఫోన్లు చేసిన పరిశోధన ప్రచురించారు. మూడు యాసలూ పలకగల బావ్ తానే అన్ని ఫోన్లూ చేశాడు. నల్లవాళ్ల యాసలో, మెక్సికన్ మూలాలవాళ్ల యాసలో అడిగితే తెల్లవాళ్ల పేటల్లో ఇల్లు చూపిస్తామన్నవాళ్లు బాగా తగ్గిపోయారు. పేరు చెప్పలేదు, ముఖం చూపించలేదు. హలో అన్నాక వచ్చిన ఒక వాక్యమే చాలింది. మన నగరంలో ఫోన్‌లో గొంతు విని ఇల్లు ఖాళీ లేదని చెప్పడం, ఇంటర్వ్యూ గదిలో నోరు తెరవగానే ముఖాలు మారడం ఎవరికి తెలియని సంగతి? ఆ ముఖాలు మారడానికి కావలసిన బొమ్మను మనసులో ఎవరు గీశారు? ఒక సినిమా ఒక్కటే ఆ పని చేయదు. ముప్పై ఏళ్లుగా ఒకే గొంతుకు ఒకే వేషం కట్టబెడితే చేస్తుంది. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో ఉర్దూ మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నలభై శాతం పైనే. వాళ్లలో ఇంట్లో దక్కనీ మాట్లాడేవాళ్లు ఎక్కువ, లెక్కల్లో మాత్రం ఆ భాష ఉర్దూ పేరు కిందే కలిసిపోతుంది. అంతమంది రోజూ వాడే మాట వాళ్ల సొంత నగరంలోనే అనుమానానికి గుర్తుగా మారడం చిన్న విషయం కాదు.

పాతబస్తీవాళ్లే తమ యాస మీద నవ్వుకుంటారు కదా, మరి వాళ్లను ఏమంటారు అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దీన్ని తేలిగ్గా తోసేయలేం. దక్కనీకి హాస్యం పెద్ద ఆస్తి. 1962లో మొదలైన జిందాదిలానె హైదరాబాద్ సంస్థ నవ్వుల ముషాయిరాలకు దేశమంతా పేరు. 1968 నుంచి వచ్చిన ‘షుగూఫా’ పత్రిక ఆ నవ్వుకు ఇల్లయింది. 1965లో బబ్బన్ ఖాన్ మొదలుపెట్టిన ‘అద్రక్ కే పంజే’ నాటకం దశాబ్దాల పాటు ఊరూరా ఆడింది. 2000ల మధ్యలో వచ్చిన ‘ది అంగ్రేజ్’లో చార్మినార్ దగ్గర కూర్చుని గప్పాలు కొట్టే ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూలను అందరికంటే ముందు పాతబస్తీయే గుండెకు హత్తుకుంది. పెద్ద పెద్ద తారలు లేకుండా, ఈ ఊరి కళాకారులతో, చాలామటుకు ఈ ఊరి మాటలో నడిచిన సినిమా అది. అందులో దక్కనీ ఒక్కటే జోకర్ కాదు. మంచివాడూ, చెడ్డవాడూ, పిరికివాడూ, తిట్టేవాడూ, తిట్లు తినేవాడూ అందరూ దక్కనీవాళ్లలోనే ఉన్నారు. అలాంటప్పుడు నవ్వు మనిషి స్వభావం మీదికి పోతుంది, యాస మీద ఆగదు. తెలుగు సినిమాలో పదిమంది తెలుగు మాట్లాడుతుంటే ఒక్కడు దక్కనీ మాట్లాడితే ఆ నవ్వు యాస మీదే పడుతుంది, పడేలాగే రాస్తారు.

ముషాయిరా కవుల సంగతి ఇంకా లోతైంది. గుల్బర్గా కవి సులైమాన్ ఖతీబ్ దక్కనీలో రాసినవి విని జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవారు, కాసేపటికి గొంతు పట్టేసేది. ఇంటి గొడవల తమాషా అనుకుంటూ వింటే అది కట్నం గురించి, ఆడపిల్ల తండ్రి నిస్సహాయత గురించి అని తేలుతుంది. ఢిల్లీ, లక్నో కొలమానాలు గంభీరమైన కవిత్వానికి దక్కనీని పనికిరానిదిగా తీసేస్తే, ఈ కవులు నవ్వు అనే ఒక్క గేటు తెరిచి ఉందని చూసి బరువైన సంగతులన్నీ అందులోంచే లోపలికి తెచ్చారు. వాళ్లు యాసను తక్కువ చేయలేదు, దానికి మిగిలిన కాస్త జాగాలో పూర్తి కాపురం పెట్టించారు. బయటివాళ్లం అక్కడి నుంచి నవ్వును మాత్రం ఎత్తుకొచ్చి దానికి ఆనుకుని ఉన్న దుఃఖాన్ని వదిలేశాం. ఆ దుఃఖానికీ ఈ భాషలో లోటు లేదు. బీజాపూర్ సూఫీల పేరు మీద తిరగలి పాటలు, రాట్నం పాటలు, జోలపాటలు శతాబ్దాలుగా ఆడవాళ్ల నోట్లో ఉన్నాయి. దక్కను పల్లెల్లో పిండి విసురుతూ పాడుకున్న ఆ పాటల్లో భక్తి ఉంది, ఒంటరితనం ఉంది. హైదరాబాద్ పెళ్లిళ్లలో ఢోలక్ కే గీత్ పేరుతో ఆడవాళ్లు చుట్టూ కూర్చుని పాడే పాటల్లో వియ్యపురాళ్ల ఎగతాళీ ఉంది, కూతురిని సాగనంపే కడుపుకోతా ఉంది. మొహర్రంలో విషాద గీతాలకు ఈ గొంతు కొత్త కాదు. పుట్టిన పిల్లను జోకొట్టడానికి, పోయినవాళ్లను తలచుకోవడానికి సరిపోయిన భాష మన తెర మీదికి వచ్చేసరికి కత్తి తిప్పడానికి మాత్రమే సరిపోతోంది.

కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలి, పాతబస్తీలో రౌడీలే లేరా అని చివరిగా అంటారు. ఉన్నారు, లేని పేట ఎక్కడుంది? రౌడీ పాత్రకు దక్కనీ పెట్టొద్దని అనడం లేదు. యాసను శుభ్రం చేసి దేవుడి గదిలో పెట్టమనీ అనడం లేదు, అది ఇంకో రకం వెలివేత అవుతుంది. ఆ యాస మాట్లాడే డాక్టర్, పంతులమ్మ, అప్పు తీర్చలేక నలిగే కారు మెకానిక్, కొడుకు దుబాయ్ వెళ్లాక ఒంటరిగా మిగిలిన తల్లి కూడా కథల్లోకి రావాలి. ఈ పని చేసినవాళ్లు లేకపోలేదు. 1974లో శ్యామ్ బెనెగల్ ‘అంకుర్’ తీసినప్పుడు తెలంగాణ పల్లెలో పనిమనిషి లక్ష్మి చేత దక్కనీ మాట్లాడించాడు. షబానా ఆజ్మీకి అది మొదటి సినిమాల్లో ఒకటి, ఆమె ఈ ప్రాంతపు మాటలో పెరిగినది కాదు. ఆ పాత్ర కామాన్నీ, భయాన్నీ, చివరికి భర్తను కొడుతున్న దొర మీద విరుచుకుపడే శాపాన్నీ ఆ యాసలోనే పలికింది. ఎవరూ నవ్వలేదు. నటి పెరిగింది బయటి ఊళ్లో అయినా దర్శకుడిది బయటి ఆలోచన కాదు, ఆయన ఈ నేల మీద పెరిగిన మనిషి. అల్వాల్‌లో పెరిగిన బెనెగల్‌కు ఈ మాట ఎవరి నోట ఎంత బరువు మోస్తుందో చెవికి తెలుసు. అలాంటి చెవి లేనివాళ్లు అది ఉన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి.

తెలుగు చిత్ర పరిశ్రమ ఈ పని తెలంగాణ యాస విషయంలో నేర్చుకుంది. ఇప్పుడు తెలంగాణ నేపథ్యంలో కథ రాస్తే తెలంగాణ రచయితను పిలుస్తున్నారు, నటులకు మాట దిద్దే మనిషిని పెడుతున్నారు, డబ్బింగ్‌లో ఒక పొల్లు తప్పితే మళ్లీ చెప్పిస్తున్నారు. తప్పు చేస్తే ప్రేక్షకుడు ఊరుకోడన్న భయం వాళ్లకు వచ్చింది. పాతబస్తీ ప్రేక్షకుడి గురించి ఆ భయం ఇంకా రాలేదు, వాళ్లూ టికెట్ కొని చూస్తున్నా. దక్కనీ పాత్ర ఉన్న ప్రతి సినిమాకూ దక్కనీ మాటలు రాసిన మనిషి పేరు, మాట దిద్దిన మనిషి పేరు తెర మీద విడిగా వేయాలి, వాళ్లకు సంభాషణల రచయితకు ఇచ్చినట్టే ఒప్పందం ప్రకారం డబ్బు ఇవ్వాలి. రేడియోలో, ప్రకటనల్లో ఆ యాసతో వ్యాపారం చేసే సంస్థలు ఆ యాసలో పెరిగిన పిల్లలకు మైకు ముందు ఉద్యోగం ఇవ్వాలి. మన సాహిత్య సభల్లో ఉర్దూ కవి సమ్మేళనం పెడితే దక్కనీ కవిని చివర్లో నవ్వించడానికి కాకుండా మొదట్లోనే పిలవాలి, అతను గంభీరమైనది చదివితే ఓపికగా వినాలి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినంగా జరుపుకుంటున్నాం. జనం మాటకే పట్టం కట్టాలని జీవితమంతా పోరిన మనిషి ఆయన, ఉర్దూలోనూ మరాఠీలోనూ ధారాళంగా మాట్లాడినవాడు. ఆ రోజు రవీంద్రభారతి వేదిక మీద తెలంగాణ తెలుగుతో పాటు దక్కనీలో రాసేవాళ్లకూ ఒక కుర్చీ వేయవచ్చు. ఈ ఏడాది నుంచే వేయవచ్చు.